టైలో నుంచి ఇంటికి: ఉన్న ఇంధనం చాలు

ప్రశ్న పంపిన తమ్ముడిది రాజోలు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే అంతరిక్ష ఓడల కంప్యూటర్ ఆటలో జూల్ గ్రహపు ఉపగ్రహం టైలో మీద దిగి, మళ్లీ పైకి లేచి, 40 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో తిరుగుతున్నాడు. ట్యాంకులో 1,600 డెల్టా-వి, అంటే ఉన్న ఇంధనంతో ఓడ మార్చుకోగల వేగం, మిగిలింది (ఇక్కడ రాసే వేగాలన్నీ సెకనుకు మీటర్లలోనే). టైలో నుంచి బయటపడటానికి 870, ఆ తర్వాత జూల్‌ను వదిలి సొంత గ్రహం కెర్బిన్ దారి పట్టడానికి 1,335, వెరసి 2,205 కావాలని లెక్క తేలింది. స్నేహితుడేమో జూల్‌కు దగ్గరగా దూకి, అక్కడ ఇంజిన్ మండిస్తే చవకలో పోతుందని చెప్పాడట. "మాస్టారూ, రెస్క్యూ ఓడ పంపనా, జూల్ వైపు దూకనా?" అని అడిగాడు.

రెండూ వద్దు. నీకు కావలసింది 1,156 మాత్రమే. 1,600 ఉన్నవాడివి, నాలుగు వందల పైచిలుకు మిగుల్చుకుని మరీ ఇల్లు చేరతావు.

నీ లెక్కలో అంకెలు తప్పు కాదు, 870 సరైనదే, 1,335 కూడా సరైనదే. వాటిని కలిపిన పద్ధతిలోనే తేడా వచ్చింది. టైలో చుట్టూ ఆ ఎత్తులో నీ వేగం 2,101. అక్కడి నుంచి టైలో పట్టు వదిలించుకోవడానికి కావలసిన వేగం 2,971. సరిగ్గా అంతతో బయలుదేరితే టైలో దాటేసరికి చేతిలో ఏమీ మిగలదు. టైలో పక్కనే దానితోపాటు జూల్ చుట్టూ తిరుగుతూ ఉంటావు. నువ్వు అక్కడ ఆగి మళ్లీ కొత్తగా 1,335 కొనుక్కుంటున్నావు. అదే 1,335ను కింద, టైలో పక్కన ఉన్నప్పుడే అడిగితే ఎంత పడుతుందో చూడు.

శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి కలపాల్సింది వేగాలను కాదు, వాటి వర్గాలను. 2,971 వర్గానికి 1,335 వర్గాన్ని కలిపి వర్గమూలం తీస్తే 3,257 వస్తుంది. అంటే కింద 3,257తో బయలుదేరితే టైలో ఆకర్షణ తన వాటా తీసుకున్నాక కూడా 1,335 నీ దగ్గర మిగులుతుంది. ఇప్పటికే 2,101 ఉంది కాబట్టి ఇంజిన్ ఇవ్వాల్సింది 1,156. మరోలా చెప్పాలంటే, ఎలాగూ 870 ఖర్చు పెడుతున్నావు. దాని మీద ఇంకో 286 వేస్తే 1,335 పని జరిగిపోతుంది. ఓబర్త్ ప్రభావం అని పుస్తకాల్లో చదివేది ఇదే.

అమలాపురంలో ఆదివారాలు మా అరుగు మీదికి చేరే పిల్లలకు దీన్ని సుద్దముక్కతో గీసి చూపిస్తాను. లంబకోణ త్రిభుజం, నిలువు భుజం 2,971, అడ్డ భుజం 1,335, కర్ణం 3,257. నిలువు భుజం పొడవయ్యే కొద్దీ కర్ణం దానికంటే పెద్దగా పెరగదు. పదో తరగతి పిల్ల ఒకమ్మాయి అది చూసి, "అయితే మిన్మస్ మీద ఈ లాభం ఉండదు కదా మాస్టారూ" అంది. ఆ మాట నిజం. కెర్బిన్ చిన్న చందమామ మిన్మస్ ఆకర్షణ చాలా తక్కువ, నిలువు భుజం పొట్టిది, లాభం కూడా అంతే. టైలో మాత్రం కెర్బిన్ అంత వ్యాసం ఉన్నది, ఉపరితల ఆకర్షణ కెర్బిన్‌లో 0.8 వంతు. దిగడానికి ఎంత ఏడిపిస్తుందో వెళ్లేటప్పుడు అంత ఉపకారం చేస్తుంది.

ఇంధనం లెక్కలో చూడు. ఇంధనం కాకుండా నీ ఓడ 3 టన్నులు, ఇంజిన్ టెర్రియర్ అనుకుందాం (శూన్యంలో దాని ఐఎస్‌పీ, అంటే ఇంధన పొదుపు కొలత, 345). 1,156కు పట్టే ఇంధనం సుమారు 1.2 టన్నులు. 2,205కు సుమారు 2.8 టన్నులు. వేగం రెట్టింపు కూడా కాలేదు, ఇంధనం మాత్రం రెట్టింపు దాటింది. ఆ అదనపు టన్నున్నరను కెర్బిన్ నుంచి జూల్ దాకా మోసుకురావాలని గుర్తుంచుకుంటే, ఎక్కడ మండించాలన్న ప్రశ్న ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

ఒక చిన్న సంగతి. ఈ లెక్కలన్నీ ఆకర్షణ అనంతం దాకా ఉంటుందన్న లెక్కలు. ఆటలో ప్రతి గోళం ప్రభావం ఒక గీత దగ్గర ఆగిపోతుంది. టైలోకి అది 10,856 కిలోమీటర్ల దగ్గర. అందుకని మ్యాప్‌లో మండింపు కోసం పెట్టుకునే గుర్తు, అదే నీ నోడ్ మీద ఇంతకంటే కొంత తక్కువే కనబడుతుంది. ఎక్కువ కనబడితే మాత్రం దిశ తప్పిందన్నమాట.

ఇక నీ స్నేహితుడి సలహా. ఓబర్త్ పేరు విన్నవాళ్లంతా మొదట చెప్పేది ఇదే: పెద్ద గ్రహం దగ్గరికి దూకు, అక్కడ వేగం ఎక్కువ, మండిస్తే లాభం. మాట అబద్ధం కాదు, కాని దూకడానికయ్యే ఖర్చును ఎవరూ చెప్పరు. నువ్వు టైలోతోపాటు జూల్ చుట్టూ 2,031తో తిరుగుతున్నావు. జూల్ వాతావరణం 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది; దాన్ని తప్పించి, జూల్ కేంద్రం నుంచి 6,250 కిలోమీటర్ల దూరంలో పెరియాప్సిస్ (కక్ష్యలో అతి దగ్గరి చోటు) పడాలంటే ఆ 2,031లో 1,200 చంపుకోవాలి. టైలో పక్కన ఉండగానే తెలివిగా మండించినా దీనికి 1,103 అవుతుంది. తర్వాత జూల్ పక్కన ఇంటి దారి పట్టడానికి 567. మొత్తం 1,670. నీ దగ్గరున్నది 1,600. అంటే ఆ సలహా వింటే జూల్‌ను దాటినా కెర్బిన్ దాకా రాలేక సూర్యుడి చుట్టూ కక్ష్యలో ఇరుక్కుపోయి, అప్పుడు నిజంగానే రెస్క్యూ పంపాల్సి వచ్చేది.

ఎప్పుడు దూకాలి, ఎప్పుడు దూకకూడదు అనడానికి ఒక ఖచ్చితమైన సూత్రం ఉంది. కాగితం మీద రెండు దారుల ఖర్చు రాసి సమానం చేస్తే అదే బయటికొస్తుంది. రెండు అంకెలు తీసుకో. ఒకటి, నువ్వు ఇప్పుడున్న దూరంలో గ్రహం నుంచి తప్పించుకునే వేగం. రెండోది, గ్రహం దాటాక నీకు మిగలాల్సిన వేగం. రెండోది మొదటిదాన్ని మించితేనే కిందికి దూకడం లాభం. రెండూ సమానమైతే ఏ దారిన పోయినా ఒకటే ఖర్చు, ఎంత లోతుకు దూకినా సరే. ఈ "ఎంత లోతుకు దూకినా" అన్న ముక్క నాకు భలే ఇష్టం. లోతు ఎక్కువైతే లాభం ఎక్కువని మనసు చెబుతుంది. సమీకరణంలో లోతు కొట్టివేతకు గురై అసలు కనబడకుండా పోతుంది.

జూల్ నుంచి కెర్బిన్‌కు అతి తక్కువ ఖర్చు దారిలో, జూల్ దాటాక మిగలాల్సింది సుమారు 1,756. టైలో దూరంలో జూల్ నుంచి తప్పించుకునే వేగం 2,872. 1,756 దాని దరిదాపుల్లో కూడా లేదు, కాబట్టి దూకకూడదు. జూల్ మిగతా ఉపగ్రహాల్లో లేథ్, వాల్ ఇంకా లోపల ఉన్నాయి, అక్కడ తప్పించుకునే వేగం ఇంకా ఎక్కువ. దూకే ప్రశ్నే లేదు. బాప్ దగ్గర 2,097, అక్కడా వద్దు. పోల్ దగ్గర 1,772! దాదాపు సమానం. పోల్ కక్ష్యలో నుంచి నేరుగా వెళ్తే 1,242, జూల్ దగ్గరికి దూకి వెళ్తే 1,250 అవుతుంది (పోల్ సొంత ఆకర్షణను పక్కన పెట్టి). ఎనిమిది మీటర్ల తేడా. పోల్ నుంచి వచ్చేవాళ్లలో దూకమనేవాళ్లు, వద్దనేవాళ్లు ఎందుకు అంతలా వాదించుకుంటారో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఇద్దరి నోడ్ల మీదా ఇంచుమించు ఒకే అంకె.

పోల్ నుంచి టైలో పక్కగా దూసుకుపోతే టైలో విసిరేస్తుందని ఇంకో సలహా కూడా వినబడుతుంది. 322 ఖర్చు పెట్టి పోల్ నుంచి టైలో దారిలోకి దిగితే, టైలోతో పోల్చితే నీ వేగం 413 ఉంటుంది. టైలో ఆ 413 దిశను తిప్పగలదు, దాన్ని పెంచలేదు. టైలో వేగం 2,031కు ఇది కలిపినా 2,444 దాటదు. జూల్ నుంచి తప్పించుకోవడానికే 2,872 కావాలి. ఒక్క విసురుతో ఇల్లు చేరడం కుదరదు. జూల్‌కు వచ్చేటప్పుడు ఆపడానికి టైలో బాగా పనికొస్తుంది, అది వేరే సంగతి.

సరే, 1,156 పెట్టాలి. ఎప్పుడు, ఎటు? అంతర్వేది మొగ దగ్గర బోట్లవాళ్లు ఇంజిన్ ఎంత బలంగా ఉన్నా పోటు కోసం ఆగుతారు. ఇక్కడా అంతే, ఆగడం ఇంధనం కన్నా చవక. ఆటలో మామూలుగా కెర్బల్‌లకు తిండీ నీళ్లూ అక్కర్లేదు కాబట్టి ఆగడానికి అసలు ఖర్చే లేదు. జూల్ నుంచి కెర్బిన్‌కు మంచి సమయం ఏదంటే, సూర్యుడి దగ్గర నుంచి చూసినప్పుడు కెర్బిన్ జూల్‌కు 48.7 డిగ్రీలు వెనక ఉన్నప్పుడు. ఇది దాదాపు 467 కెర్బిన్ రోజులకు ఒకసారి వస్తుంది (ఆటలో రోజుకు 6 గంటలే). ప్రయాణం 1,123 రోజులు. లక్ష రెట్ల వేగంతో కాలాన్ని పరిగెత్తిస్తే అది నాలుగు నిమిషాల పని.

ఆ సమయం వచ్చింది కదా అని వెంటనే మండించకూడదు. జూల్ నుంచి బయటపడే దారి, జూల్ సూర్యుడి చుట్టూ వెళ్లే దిశకు సరిగ్గా ఎదురుగా పోవాలి. అప్పుడే జూల్ వేగం 4,129లో నుంచి 1,756 తగ్గి, నీ దారి లోపలికి, కెర్బిన్ వైపు పడుతుంది. టైలో జూల్‌ను ఒకసారి చుట్టడానికి 9.8 రోజులు తీసుకుంటుంది. ఆ చుట్టులో ఒక్కచోటే నీకు అనుకూలం: ఆ ఎదురు దిశకు సుమారు 125 డిగ్రీలు ముందుగా టైలో ఉన్నచోటు. ఆ చోటు దాటిపోతే కంగారు పడకు, 9.8 రోజులు ఆగితే మళ్లీ వస్తుంది, అంతలో కెర్బిన్ కోణం పెద్దగా పాడవదు. టైలో చుట్టూ నీ చిన్న కక్ష్యలోనూ ఇలాగే, టైలో వెళ్తున్న దిశకు సుమారు 135 డిగ్రీలు ముందే ఇంజిన్ మండాలి. వంగిన దారి ఆ కోణం తిరిగి, టైలో దాటేసరికి టైలో వెళ్లే వైపే పోతుంది.

ఈ కోణాలు కొలవడానికి కోణమానిని అక్కర్లేదు. మ్యాప్ తెరిచి, నోడ్ పెట్టి, ప్రోగ్రేడ్ (వెళ్తున్న దిశ) పిడిని పట్టుకుని 1,100 చిల్లర వచ్చేదాకా లాగు. తర్వాత చూపును టైలో నుంచి జూల్ మీదికి మార్చు. ఇప్పుడు నోడ్‌ను కక్ష్య మీద మెల్లగా జరుపుతూ ఉంటే జూల్ నుంచి బయటికి పోయే గీత గడియారం ముల్లులా తిరుగుతుంది. అది జూల్ వచ్చిన దారి వైపు వెనక్కి తిరిగినచోట వదిలేయి. ఎంత జరిపినా గీత అటు తిరగకపోతే టైలో ఇంకా సరైన చోటికి రాలేదన్నమాట. నోడ్‌ను కొన్ని చుట్లు ముందుకు నెట్టు. టైలో, జూల్, సూర్యుడు, కెర్బిన్, ఇలా నాలుగు ముక్కల దారి కనబడాలి. నీకు మూడు ముక్కలే కనబడుతుంటే సెట్టింగ్స్ ఫైల్‌లో కోనిక్ ప్యాచ్ లిమిట్ అంకె పెంచుకో. ఇది తెలియక కెర్బిన్ తగలడం లేదనుకుని మంచి నోడ్లు చెరిపేసేవాళ్లు చాలామంది.

నీ కక్ష్య ఒంపు నువ్వు చెప్పలేదు. టైలో భూమధ్యరేఖకు అటూ ఇటూ కొద్ది డిగ్రీలైతే పట్టించుకోకు. ధ్రువాల మీదుగా తిరుగుతుంటే మాత్రం చిక్కే. బయలుదేరే దిశ నీ కక్ష్య తలంలోకి టైలో ఒక్కో చుట్టుకు రెండుసార్లే వస్తుంది, ఆ రెండూ మనకు కావలసిన 125 డిగ్రీల చోట పడాలన్న నియమం లేదు. అప్పుడు మిగిలిన నాలుగు వందల్లోంచి కొంత వదులుకోవాలి.

టెర్రియర్ అయితే ఈ మండింపు నిమిషంన్నరలో ముగుస్తుంది. నెర్వ్ లాంటి నెమ్మది ఇంజిన్‌తో బరువైన ఓడను నడిపేవాళ్లు ఒకే దెబ్బలో తోయకూడదు. మండింపు సాగేకొద్దీ పెరియాప్సిస్ దాటిపోతావు, లాభం కారిపోతుంది. పెరియాప్సిస్ దగ్గర కొంత, మళ్లీ చుట్టి వచ్చాక కొంత, ఇలా ముక్కలుగా పెంచుకోవాలి. చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌ను ఇస్రో వెనక్కి తెచ్చింది ఇలాగే. 2023 అక్టోబర్ 9న చంద్రుడి చుట్టూ 150 కిలోమీటర్ల కక్ష్య పైకొసను 5,112 కిలోమీటర్లకు పెంచి, 13న భూమి దారి పట్టించారు. అసలు ప్రణాళికలో ఆ తిరుగు ప్రయాణమే లేదు. ప్రయోగం గురి తప్పకుండా జరిగి వంద కిలోలకు పైగా ఇంధనం మిగిలింది కాబట్టి చేశారు.

జూల్ దాటాక దారి మధ్యలో ఒక చిన్న సవరణ చేసుకో. జూల్ కక్ష్య కెర్బిన్ కక్ష్యకు 1.3 డిగ్రీలు వంగి ఉంటుంది, దాని కోసం కూడా కొంత పడుతుంది. అందుకే ఆ మిగిలిన నాలుగు వందలు ముట్టుకోవద్దని అంటాను. ఈ సవరణ చేసేటప్పుడు ఒకటి తప్పకుండా చూడు: కెర్బిన్‌కు ఏ పక్క నుంచి తగులుతున్నావో. కెర్బిన్ భూమధ్యరేఖ దగ్గర నేల 175తో తూర్పుకు తిరుగుతుంది, గాలీ దానితోపాటే. ఆ తిరుగుడుతోపాటు లోపలికి వస్తే గాలికి నీ వేగం అంత తగ్గుతుంది, ఎదురుగా వస్తే అంత పెరుగుతుంది. రెంటికీ తేడా 350 దాకా. దూరంగా ఉన్నప్పుడు ఈ పక్క నుంచి ఆ పక్కకు మారడానికి చిటికెడు ఇంధనం చాలు. కెర్బిన్ ప్రభావ గోళంలోకి వచ్చాక మారాలంటే చాలా పెట్టాలి.

చేరుకునేటప్పుడు ఇంజిన్‌తో ఆపాలని మాత్రం చూడకు. 70 కిలోమీటర్ల ఎత్తున, గాలి మొదలయ్యేచోట, నీ వేగం సుమారు 4,230 ఉంటుంది. అక్కడ గుండ్రటి కక్ష్యలోకి రావడానికి ఇంజిన్‌తో 1,900 పైన అవుతుంది, అది నీ దగ్గర లేదు, అక్కర్లేదు కూడా. హీట్ షీల్డ్ ఉందా? ఉంటే తప్పించుకునే వేగం 3,247 కంటే కిందికి దిగడం మొదటి విడత పని; అంటే గాలి వెయ్యి తీసుకుంటే నువ్వు కెర్బిన్ చేతికి చిక్కినట్టే. తర్వాత చుట్టి వచ్చి రెండో విడతలో దిగు. పెరియాప్సిస్ ఎంతన్నది ఓడ ఆకారాన్నీ బరువునూ బట్టి మారుతుంది. 45 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి, సరిపోకపోతే తగ్గించుకుంటూ రా. ప్రతిసారీ ముందు ఆట సేవ్ అయ్యేలా ఎఫ్5 నొక్కు. గాలివాన పడితే కరెంటు పోయే ఊళ్లు మనవి, లాప్‌టాప్ బ్యాటరీని నమ్ముకుని మూడేళ్ల ప్రయాణం పోగొట్టుకోకు.

వచ్చేసారి మళ్లీ టైలో వెళ్తే, ఇంటికి వచ్చే ఇంధనాన్ని టైలో నేల మీదికి దింపకు. దిగడానికీ లేవడానికీ చెరో 2,300 దాకా పడుతుంది. టెర్రియర్‌తో ఒక టన్ను ఇంధనాన్ని ఊరికే కిందికి దింపి మళ్లీ పైకి తేవాలంటే దాని కోసమే దాదాపు మూడు టన్నులు కాలిపోతుంది. అపోలో వాళ్లు ఇంటికి వచ్చే ఓడను చంద్రుడి చుట్టూ ఉంచి, దిగే ఓడను విడిగా పంపింది అందుకే. పెద్ద ఓడను పైన వదులు. దాన్ని టైలో దగ్గరి కక్ష్యలోకి కూడా తేనక్కర్లేదు. పెరియాప్సిస్ కిందా, పైకొస బాగా దూరంగా ఉన్న సాగిన కక్ష్యలో ఉంచితే, తిరిగి వెళ్లేటప్పుడు పెద్ద ఓడకు 300 చుట్టుపక్కల చాలు. దిగే ఓడ తేలిక కాబట్టి ఆ ఎక్కుడు ఖర్చును అదే భరించగలదు. అయితే ఆ సాగిన కక్ష్య కింది కొస, బయలుదేరే రోజున టైలో వెళ్లే దిశకు 135 డిగ్రీలు ముందు ఉండేలా వచ్చినప్పుడే చూసి పెట్టుకోవాలి. అది కుదరని తేదీల్లో చిన్న గుండ్రటి కక్ష్యే మేలు.

ముందుగా ఇదంతా కెర్బిన్ పెద్ద చందమామ మున్ దగ్గర చేసి చూడు. 15 కిలోమీటర్ల కక్ష్య నుంచి ఒకే మండింపులో కెర్బిన్ గాలిని తాకేలా రావడానికి 300 దాకా, ముందు మున్ దాటి తర్వాత మండిస్తే 600 దాకా అవుతుంది. మున్ వెళ్లే దిశకు వెనకవైపు బయటపడాలి, అక్కడ టైలోకి భిన్నం, ఎందుకంటే మున్ నుంచి మనం కెర్బిన్ వైపు పడిపోవాలి గాని కెర్బిన్‌ను దాటిపోకూడదు. రెండు సార్లూ నోడ్ అంకె రాసుకుని పక్కపక్కన పెట్టుకో. ఆ తర్వాత టైలో దగ్గరి నీ నోడ్ ఫొటో తీసి ఇక్కడే పెట్టు, కోణం చూసి చెబుతాను. అప్పటిదాకా ఆ ట్యాంకులో చుక్క కూడా కాల్చకు.